విత్తనం పడని దుక్కి

ఏటా మంచు కరగ్గానే నీలం రంగు డబ్బా పట్టుకుని
ఈ దారంతా ఒక చుట్టు తిరుగుతాను.
ఏడు కిలోమీటర్లు. నూట పన్నెండు పైన్ చెట్లు.
చెట్టుకో గుర్తు, అరచేయంత.
బయల్దేరిన చోటికే తిరిగొచ్చే పనికి
జీతం కూడా ఇస్తారా అని మా అల్లుడు నవ్వుతాడు.

ఈసారి మునిసిపాలిటీ వాళ్లు ఇంకో పని అంటగట్టారు.
మూడో బండరాయి దగ్గర బోర్డు పెట్టాలట:
స్థానిక చరిత్ర, వంద మాటల్లో.
ఆ మాటల కోసం ఆస్తా ఇంటి తలుపు తట్టాను.
ఎనభై నాలుగేళ్ల మనిషి. రబ్బరు బూట్లు తొడుక్కుని
నాకంటే ముందే గేటు దాటింది.

"బాణం కుడివైపు చూపిస్తోంది" అన్నాను.
"చూపించనీ" అని ఎడమకు తిరిగింది.

ఇక్కడ నాచు అడుగుల చప్పుడు మింగేస్తుంది.
మానుల సందుల్లో బాల్టిక్ సముద్రం
కడిగి బోర్లించిన సత్తు పళ్లెంలా ఉంది.
మంచుయుగం అంతదూరం మోసుకొచ్చి
విసుగుపుట్టి దించేసిన రాళ్లు, ఒక్కోటి ఇల్లంత.
ఇటునుంచి లెక్కపెడితే మూడోది నాలుగోదవుతుంది.
రెండింటి దగ్గర ఆమె ఏమీ చెప్పలేదు, ముక్కు చీదుకుంది.

తర్వాత అంది:
"ఈ దారి ఎవరు వేశారనుకున్నావు? షికారుకొచ్చేవాళ్లా?
సరిహద్దు సైనికుల బూట్లు వేశాయి.
రాత్రికి నాలుగు చుట్లు, కుక్కతో సహా.
మంచం మీద పడుకుని లెక్కపెట్టేదాన్ని."

పడవలన్నీ రంపంతో రెండు ముక్కలు చేశారట.
వీళ్ల సగం పడవ కోళ్లగూటికి కప్పయింది.

చీకటి పడేముందు వాళ్ల నాన్న
కల్ఖోజు గుర్రానికి దంతె కట్టి
తీరమంతా ఈ కొసనుంచి ఆ కొసదాకా తోలేవాడు.
"ఆయనంత తిన్నగా చాలు తీసేవాడు ఊళ్లో లేడు.
ఆ చేతులతో విత్తనం పడని దుక్కి దున్నించారు.
అందులో మొలిచేది ఒక్కటే, పాదం గుర్తు.
మొలిస్తే కలుపు తీసినట్టు తీసేస్తారు."

ఇక్కడ ఆగి జూనిపర్ కాయ కొరికి ఉమ్మేసింది.

మేనమామ హెల్డుర్ ఒక ఆగస్టు రాత్రి వెళ్లాడు.
పడవ ఎక్కడిదో ఆమె ఇప్పటికీ చెప్పదు.
ముఖం ఊరివైపు, వీపు సముద్రంవైపు,
ముందు వేళ్లు, తర్వాత మడమ,
బావ తీసిన చాళ్లకు అడ్డంగా
వెనక్కి వెనక్కి నడిచాడు.
తెల్లారి చూస్తే
సముద్రంలోంచి ఎవరో వచ్చి అడవిలోకి పోయినట్టుంది.

మూడు రోజులు గాలించారు
రానివాడి కోసం.
ఇద్దరు సైనికులు వీళ్ల పశువుల కొట్టంలోనే పడుకున్నారు.
ఒకడికి పంతొమ్మిదేళ్లుంటాయేమో, నీటి చుక్క దొరకని ఊరివాడు,
ఇంత నీటిని నమ్మలేక దోసిట్లో తీసుకుని తాగి చూశాడట.
వాడి టోపీ నిండా బ్లూబెర్రీలు ఏరిచ్చింది ఆస్తా.
"వాడి పళ్లు నీలం. నా పళ్లు నీలం.
వాడు వెతికేది మా మామ జాడ అని నాకు తెలుసు.
ఇది రాస్తావా నీ బోర్డు మీద?"

హెల్డుర్ ఫిన్లాండ్ చేరాడా అని అడిగాను.
"ఉత్తరం రాలేదు. శవమూ రాలేదు.
ఆ రెండూ రాకపోవడాన్నే అమ్మ ఒక కబురులా దాచుకుంది."
మరి నాన్న?
"దంతె ఇంకొకడికిచ్చారు. వాడి చాళ్లన్నీ వంకర.
పోయేదాకా ఆయనకి అదే బాధ."

వంద మాటలూ రాశాను.
కంచె, రంపం, ఎన్నేళ్లు, ఏ సైన్యం.
అన్నీ నిజమే. బ్లూబెర్రీలకి చోటు చాల్లేదు.

మర్నాడు ఒక్కణ్నే వెళ్లి బాణాలు గీకేశాను.
ప్రతి చెట్టుకీ అవతలివైపు కూడా నీలం పూశాను.
ఎటునుంచి వచ్చేవాళ్లకైనా కనబడుతుంది.
డబ్బా సరిపోలేదు.
చివరి తొమ్మిది చెట్లకు
మా ఇంటి కిటికీల రంగు కలిపాను.
అవి కాస్త పచ్చగా కనిపిస్తాయి. ఎవరైనా అడిగితే
వానకి మారిందంటాను.